చిన్న పార్లర్‌కి స్క్రబ్బింగ్ మెషీన్ కొనేముందు: తక్కువ డబ్బుతో సరైనది ఎంచుకునే పద్ధతి

మా పార్లర్ నెల్లూరులో ఒక మామూలు వీధిలో, మేడ మీద గది. రెండు కుర్చీలు, ఒక ఫేషియల్ బెడ్, నేను, నా దగ్గర పని నేర్చుకుంటున్న ఒక అమ్మాయి, అంతే. నాలుగేళ్ళ క్రితం 38,000 పెట్టి 14 రకాల పనులు చేస్తుందన్న హైడ్రా మెషీన్ (ముఖం మీద ద్రావణం వదులుతూ మురికిని పీల్చేది) ఒకటి కొన్నాను. ఆ 14 హ్యాండిళ్ళలో నేను నిజంగా వాడింది మూడే. అయిదో నెలలో పంపు ఆగిపోయింది, అమ్మినవాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు, దానికి సరిపోయే పంపు ఎక్కడ వెతికినా దొరకలేదు. ఆ డబ్బు పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు. మెషీన్ మూల పడ్డాక కూడా ఏడాదిన్నర పాటు కిస్తీ కట్టాను.

కావలి నుంచి, ఒంగోలు నుంచి, ఇక్కడే వేదాయపాళెం నుంచి కొత్తగా పార్లర్ పెట్టుకున్న వాళ్ళు "అక్కా, ఏ మెషీన్ కొనమంటావు" అని అడుగుతూనే ఉంటారు. కంపెనీ పేరు చెప్పి ఊరుకుంటే అది వాళ్ళకి ఉపయోగపడదు, మోడళ్ళు ఆరు నెలలకోసారి మారిపోతాయి. ఎలా చూసి కొనాలో తెలిస్తే ఏ మోడల్ ముందు నిలబడ్డా మీరే తేల్చుకోగలరు. అందుకే నాకు తెలిసినదంతా వరసగా రాస్తున్నాను.

మొదటి అడుగు: మెషీన్ ఏం గీకుతోందో తెలుసుకోండి

చర్మం పైన ఉండే మృతకణాల పొర చాలా పల్చనిది, ముఖం మీద మిల్లీమీటరులో వందో వంతు, రెండు వందో వంతులు ఉంటుంది. మనం చేసే స్క్రబ్, క్లీనప్, పాలిషింగ్ అన్నీ ఆ పొర మీద పనే. వయసులో ఉన్నవాళ్ళకి ఆ పొర సుమారు 28 రోజుల్లో దానంతట అదే రాలి కొత్తది వస్తుంది, వయసు పెరిగేకొద్దీ ఆ గడువు పెరుగుతుంది. అంటే నెలకోసారి కొంచెం సాయం చేస్తే చాలు. వారం వారం మెషీన్ పెడితే పాత పొర కింద ఇంకా తయారు కాని పొరని కూడా లాగేస్తున్నట్టే.

మన ఇళ్ళల్లో ఈ పని కొత్తది కాదు. పసిపిల్లలకి నలుగు పెట్టి స్నానం చేయించడం, పండగరోజు సున్నిపిండి, పెళ్ళికూతురికి నలుగు, ఇవన్నీ మృతకణాలు తీసే పద్ధతులే. మెషీన్ వల్ల వచ్చే లాభం ఏంటంటే ఒత్తిడి అంతటా ఒకేలా ఉంటుంది, ముక్కు పక్కన వేలు సరిగా అందని చోట కూడా పని జరుగుతుంది, కస్టమర్‌కి ఆ పూటే తేడా కనిపిస్తుంది.

ఇంకొక్క మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మిగతా ఎంపికలన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. మనవాళ్ళ చర్మం ఎక్కువగా చామనఛాయ నుంచి ముదురు గోధుమ రంగు దాకా ఉంటుంది, అందులో మెలనిన్, అంటే చర్మానికి రంగునిచ్చే పదార్థం, ఎక్కువ. తెల్లటి చర్మం మీద గట్టిగా రుద్దితే ఎర్రబడి కొన్నాళ్ళకి తగ్గిపోతుంది, అదే మన చర్మం మీద అయితే ఆ మంట నల్లమచ్చగా మారి నెలల తరబడి ఉండిపోవచ్చు. యంత్రాల వీడియోలు చాలావరకు విదేశీ చర్మం మీద తీసినవి, వాళ్ళు పెట్టే సక్షన్ (మెషీన్ చర్మాన్ని పీల్చే బలం), వాళ్ళు తిప్పే వేగం చూసి మన దగ్గర అలాగే చేస్తే పెళ్ళి వారం ముందు ఒక అమ్మాయి బుగ్గ మీద మచ్చ పెట్టినవాళ్ళం అవుతాం. కాబట్టి మనకి కావాల్సిన మెషీన్‌లో మొదటి లక్షణం పవర్ బాగా తగ్గించుకునే వీలు. ఎంత పెంచుకోవచ్చు అన్నది తర్వాత.

రెండో అడుగు: ఒక నెల నోటుపుస్తకం రాయండి

మెషీన్ కొనకముందు నెల రోజులు ప్రతి కస్టమర్ గురించి ఒక లైను రాయండి: వయసు ఎంత ఉంటుంది, ఏం అడిగింది, ఎంత ఇచ్చింది, చర్మం ఎలా ఉంది. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ నా 38,000 పోయింది ఈ పని చేయకపోవడం వల్లే. నేను రాసి ఉంటే మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగానికి పైగా ఐబ్రోస్, హెయిర్‌కట్, క్లీనప్‌తో వెళ్ళిపోతారని, 1,500 పెట్టి ఫేషియల్ చేయించుకునేవాళ్ళు నెలకి నలుగురైదుగురే అని కొనకముందే తెలిసేది.

ఊరిని బట్టి, వీధిని బట్టి లెక్క మారుతుంది. నెల్లూరులో మాగుంట లేఅవుట్ వైపు పార్లర్‌కి హైడ్రా ఫేషియల్ అని పేరు పెట్టి అడిగేవాళ్ళు వస్తారు. కోవూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర ఎండలో తిరిగేవాళ్ళు ఎక్కువ, వాళ్ళు అడిగేది ట్యాన్ తీయమని. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ములో పనిచేసేవాళ్ళ ఇళ్ళనుంచి వచ్చేవాళ్ళకి రంధ్రాలు పూడుకుపోయి ఉంటాయి, వాళ్ళకి లోతుగా క్లీనింగ్ కావాలి. కాలేజీల పక్కన ఉంటే మొటిమలు, బ్లాక్‌హెడ్స్. ట్యాన్ అడిగే వీధిలో మెషీన్‌తో గట్టిగా గీకితే మర్నాడే వాళ్ళు మళ్ళీ ఎండలోకి వెళ్తారు, కొత్తగా బయటపడ్డ చర్మం ఇంకా నల్లబడుతుంది. అలాంటి చోట ఖరీదైన మెషీన్ కంటే తేలికపాటి క్లీనప్‌తో పాటు సన్‌స్క్రీన్ అమ్మడం, అది ఎలా రాసుకోవాలో నేర్పడం కస్టమర్‌కీ మేలు, మీకూ ఆదాయం.

మూడో అడుగు: రకాలు తెలుసుకోండి

అల్ట్రాసోనిక్ స్కిన్ స్క్రబ్బర్ తోనే మొదలుపెట్టమని నేను అందరికీ చెబుతాను. గరిటెలా వంగిన సన్నటి స్టీల్ రేకు, చేతిలో ఇమిడే పరికరం, సుమారు 1,000 నుంచి 3,000 రూపాయల్లో వస్తుంది. రేకు సెకనుకి 24,000 నుంచి 28,000 సార్లు కంపిస్తుంది, తడి చర్మం మీద పెడితే నీటిని సన్నటి తుంపరలా చిమ్ముతూ రంధ్రాల్లో ఉన్న జిడ్డుని, మురికిని పైకి తెస్తుంది. గీకుడు తక్కువ, రిస్క్ తక్కువ, పైపుల్లేవు, పంపు లేదు, కడగడం తేలిక. షరతు ఒక్కటే, చర్మం పూర్తిగా తడిగా ఉండాలి, రేకుని 45 డిగ్రీల వాలులో పట్టుకుని నెమ్మదిగా నడపాలి. ఆరిన చోట రేకు ఆగితే కాలినట్టు గీత పడుతుంది.

ఇందులో నకిలీలు చాలా ఉన్నాయి. లోపల ఫోన్ వైబ్రేషన్ లాంటి చిన్న మోటారు పెట్టి అల్ట్రాసోనిక్ అని రాసి అమ్ముతారు. కనిపెట్టడం చాలా సులువు: ఆన్ చేసి రేకు చివర రెండు చుక్కల నీళ్ళు వేయండి. నిజమైనదైతే నీళ్ళు క్షణంలో పొగమంచులా లేచిపోతాయి. నకిలీదైతే చుక్క వణుకుతూ జారి కింద పడుతుంది. ఈ పరీక్ష చేయనివ్వని షాపులో కొనకండి.

డైమండ్ మైక్రోడెర్మాబ్రేషన్ రెండోది. ఈ పద్ధతి 1985లో ఇటలీలో మొదలైంది, అప్పట్లో అల్యూమినియం ఆక్సైడ్ పొడిని చర్మం మీదికి చిమ్మి వెనక్కి పీల్చేవాళ్ళు. ఆ తర్వాత పొడి అవసరం లేకుండా టిప్‌కే వజ్రపు రవ్వలు అతికించినవి వచ్చాయి. ఇప్పుడు చిన్న పార్లర్లకి దొరికే బల్ల మీది మెషీన్లు సుమారు 6,000 నుంచి 15,000 మధ్య ఉంటాయి, మూడు హ్యాండ్‌పీసులు, తొమ్మిది టిప్పులు, ఒక సక్షన్ పంపు, చిన్న కాటన్ ఫిల్టర్లు ఇస్తారు. ద్రావణాల ఖర్చు లేదు, అది పెద్ద లాభం. పొడి చర్మం, గరుకుగా ఉన్న మోచేతులు, పాత మొటిమల గరుకుదనం, వీటికి బాగా పనిచేస్తుంది. ముఖానికి నున్నటి రవ్వ ఉన్న టిప్ మాత్రమే వాడండి, గరుకు టిప్పులు మోచేతులకి, మోకాళ్ళకి. ఒక చోట ఒకటి రెండుసార్లు పోనిస్తే చాలు. మచ్చ పోవాలని అక్కడే పదిసార్లు తిప్పడం వల్ల మచ్చ ముదురుతుంది.

హైడ్రా మెషీన్ అందరూ అడిగేది. హైడ్రాఫేషియల్ అన్నది నిజానికి ఒక అమెరికన్ కంపెనీ బ్రాండ్ పేరు, వాళ్ళ మెషీన్ లక్షల్లో ఉంటుంది. మనకి దొరికేవి అదే సూత్రం మీద చేసినవి, సుమారు 18,000 నుంచి 40,000 దాకా. సుడి గాడులున్న ప్లాస్టిక్ టిప్ చర్మం మీద పాకుతుంటే ఒక పైపు ద్రావణాన్ని వదులుతుంది, ఇంకో పైపు మురికితో సహా వెనక్కి పీలుస్తుంది. పొడిగా గీకడం లేదు కాబట్టి మన చర్మానికి డైమండ్ కంటే ఇది మెత్తన, ఆ మాట నిజమే. కానీ పైపులున్న ప్రతిచోటా పాచి పెరుగుతుంది, ద్రావణాలు నెలనెలా కొనాలి, పంపు పోతే మెషీన్ మొత్తం ఆగిపోతుంది.

హ్యాండిళ్ళ సంఖ్య చూసి మోసపోకండి. 6 పనులు, 11 పనులు, 14 పనులు అని రాస్తారు గానీ మన పనికి కావాల్సినవి నీళ్ళ టిప్ హ్యాండిల్, స్కిన్ స్క్రబ్బర్, కావాలంటే చల్లటి హ్యాండిల్. మిగతా వాటిలో రేడియో ఫ్రీక్వెన్సీ, బయో కరెంటు లాంటివి గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి, గర్భిణులకి పెట్టకూడదు. అవి లేకపోతే ఒక టెన్షన్ తగ్గినట్టే. అదే ధరకి తక్కువ హ్యాండిళ్ళు, మంచి పంపు ఉన్నది తీసుకోండి.

అల్యూమినియం పొడి చిమ్మే పాతరకం సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తుంది, వద్దు. పొడి కళ్ళల్లో పడుతుంది, ఊపిరితో లోపలికి పోతుంది, అది పీల్చేది కస్టమర్ కంటే రోజంతా అక్కడే ఉండే మీరు.

కెమికల్ పీల్స్, అంటే యాసిడ్ రాసి చర్మం పై పొర ఊడదీయడం, డాక్టర్ల పని. గ్లైకోలిక్, శాలిసిలిక్ యాసిడ్లు తక్కువ మోతాదులో ఫేస్‌వాష్‌లో, సీరంలో ఉంటాయి, అవి వాడుకోవచ్చు. సీసా మీద ఎక్కువ శాతం రాసి ఉన్న పీల్ కొని తెచ్చి ముఖం మీద పెట్టడం మన స్థాయి పని కాదు. నెల్లూరు పొగతోటలో చర్మ డాక్టర్లు ఉన్నారు, ఒంగోలులోనూ ఉన్నారు, అక్కడికి పంపండి. మీరు పంపిన కస్టమర్ మీ దగ్గరికి నమ్మకంతో తిరిగి వస్తుంది. బ్లేడుతో నూగు తీసే పద్ధతి చేస్తే మనిషికో కొత్త బ్లేడు, అక్కడే పారేయాలి, హెపటైటిస్ బి లాంటివి రక్తం అంటిన బ్లేడు ద్వారా వస్తాయి.

నాలుగో అడుగు: షాపులో నిలబడి పరీక్షించండి

డబ్బాలో చూసి కొనే వస్తువు కాదిది. కనీసం అరగంట టైము పెట్టుకుని వెళ్ళండి.

సక్షన్ ముందు చూడండి. టిప్‌ని బొటనవేలితో పూర్తిగా మూసేసి మీటర్ ముల్లు చూడండి, వెంటనే లేచి ఒకచోట నిలబడాలి. ఊగుతుంటే పైపు జాయింట్లో ఎక్కడో గాలి పోతోంది. వేలు తీస్తే సున్నాకి రావాలి. తర్వాత నాబ్‌ని బాగా తగ్గించి మళ్ళీ చూడండి, చాలా చవక మెషీన్లలో నాబ్ పేరుకే ఉంటుంది, తగ్గించినా అదే బలంతో లాగుతుంది. అలాంటిది మన చర్మానికి పనికిరాదు.

పెట్టె మీద రాసిన అంకెలకి ఒక కొలబద్ద చెబుతాను. గాలి మొత్తం తీసేస్తే వచ్చే గరిష్ఠ సక్షన్ 76 సెంటీమీటర్ల పాదరసం, అంటే సుమారు 101 కిలోపాస్కల్స్. అంతకుమించి ఈ భూమ్మీద ఏ పంపూ పీల్చలేదు. ఎవరైనా 120 కిలోపాస్కల్స్, 150 అని రాస్తే ఆ పెట్టె మీద ఉన్న మిగతా మాటల్ని కూడా అదే లెక్కలో చూడండి. ముఖానికి ఆ గరిష్ఠంలో పావు వంతు లోపే సరిపోతుంది.

మీ ముంజేతి లోపలివైపు పెట్టి చూడండి. గులాబీ రంగు వచ్చి కొన్ని నిమిషాల్లో పోవాలి. గుండ్రటి కమిలిన మచ్చ పడితే ఆ సక్షన్ ముఖానికి ఎక్కువ, ఇంకా తగ్గించండి, తగ్గకపోతే మెషీన్ వదిలేయండి.

మెషీన్ ఆన్ చేసి 20 నిమిషాలు ఆపకుండా నడపమనండి. ఒక ఫేషియల్‌కి పంపు అంతసేపు నడుస్తుంది. వెనక వైపు చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, శబ్దం మారినా వద్దు. ఈ పరీక్ష అడిగితే కొంతమంది షాపువాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

డైమండ్ టిప్పులని భూతద్దంలో చూడండి. రవ్వ అంచుదాకా సమానంగా ఉండాలి, ఒక్క రవ్వ పొడుచుకు వచ్చినా అది గీత పెడుతుంది. హైడ్రా అయితే వ్యర్థాల సీసా చూడండి, పారదర్శకంగా ఉండాలి, మూత బిగుతుగా పట్టాలి. ఆ సీసా నిండిపోయి మురికినీళ్ళు పంపులోకి పోవడమే చిన్న మెషీన్లు చచ్చిపోవడానికి పెద్ద కారణం, నాది కూడా అలాగే పోయిందని విప్పి చూసిన మెకానిక్ చెప్పాడు. ఆ సీసాని సగం నిండగానే ఒంపేయాలని నాకు అమ్మినవాళ్ళు ఒక్క మాట కూడా చెప్పలేదు.

చివరిగా విడిభాగాలు అడగండి: టిప్పులు, ఫిల్టర్లు, పైపు, ఓ-రింగులు (జాయింట్లలో ఉండే రబ్బరు వలయాలు), పంపు. ఒక్కోదాని ధర కాగితం మీద రాయించుకోండి. రాయలేకపోతే వాళ్ళ దగ్గర అవి లేవన్నమాట.

అయిదో అడుగు: నీళ్ళు, కరెంటు

మన జిల్లాల్లో ఇది ఎంత ముఖ్యమో బయటివాళ్ళకి తెలియదు. సముద్రం పక్క ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పన, పడమటి వైపు కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ సమస్య, చాలాచోట్ల నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడతాయి. ఆ పొరే స్టీమర్‌లో, హైడ్రా పైపుల్లో, టిప్ గాడుల్లో కడుతుంది. నాకు తెలిసిన ఒకామె స్టీమర్ మూడు నెలల్లో వేడినీళ్ళు చిమ్మడం మొదలుపెట్టింది, అదృష్టం కొద్దీ ముఖం మీద కాకుండా టవల్ మీద పడ్డాయి. మెషీన్‌లోకి, స్టీమర్‌లోకి డిస్టిల్డ్ వాటర్ పోయండి, లేబుల్ మీద ఆ పేరున్న సీసానే మెడికల్ షాపులో తెప్పించుకోండి. అది దొరకనిరోజు స్టీమర్‌కి ఆర్‌ఓ క్యాన్ నీళ్ళు పరవాలేదు. ఇన్వర్టర్‌లో పోసే బ్యాటరీ వాటర్ ముఖానికి వాడేందుకు ప్యాక్ చేసింది కాదు, దాన్ని వాడొద్దు.

కరెంటుకి వస్తే, మెషీన్ వెనక స్టిక్కర్ మీద 220-240 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉండాలి. కొన్ని 110 వోల్టుల దేశాలకి చేసినవి ఇక్కడికి వస్తాయి, వాటిని నేరుగా ప్లగ్గులో పెడితే ఆ రోజే కాలిపోతాయి. ఎండాకాలంలో రోహిణి కార్తె రోజుల్లో ఓల్టేజీ ఎక్కి దిగుతుంటుంది కాబట్టి చిన్న స్టెబిలైజర్ పెట్టుకోండి. హైడ్రా మెషీన్ తక్కువ కరెంటే తాగుతుంది, ఇంటి ఇన్వర్టర్ మీద నడుస్తుంది. స్టీమర్ అలా కాదు, 700 వాట్ల పైన లాగుతుంది, దాన్ని ఇన్వర్టర్ లైనుకి తగిలించొద్దు. తడి చేతులతో చేసే పని కాబట్టి మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగు తప్పనిసరి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి 30 మిల్లీఆంపుల ఎర్త్ లీకేజీ ట్రిప్పర్ పెట్టించండి. కస్టమర్ ముఖం తడిగా ఉండగా లోహపు రేకు పెడుతున్నాం, ఈ ఖర్చులో పొదుపు చేయకూడదు.

ఆరో అడుగు: ప్రతి రకాన్నీ మీరు కడగగలరా

కొనేముందే ఈ ప్రశ్న వేసుకోండి, ఎందుకంటే శనివారం సాయంత్రం వరసగా ముగ్గురు కూర్చుని ఉన్నప్పుడు కడగడానికి అరగంట పట్టే మెషీన్ కడగకుండానే రెండో మనిషికి వెళ్ళిపోతుంది. అలా ఒకరి మొటిమల చీము ఇంకొకరికి అంటుతుంది.

డైమండ్ టిప్పులని సబ్బునీళ్ళల్లో చిన్న బ్రష్‌తో కడిగి, లోహపు టిప్పులైతే ఆటోక్లేవ్ చేయించడం మంచి పద్ధతి, 121 డిగ్రీల ఆవిరిలో 15 నిమిషాలు. చిన్న పార్లర్‌లో ఆటోక్లేవ్ ఉండదు కాబట్టి రెండు మూడు సెట్ల టిప్పులు కొనుక్కుని, కడిగాక 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, మనిషి మనిషికీ మార్చండి. 99 శాతం ఆల్కహాల్ ఇంకా బలమైనదనుకుంటారు, కానీ క్రిములు చావడానికి అందులో కొంత నీరు ఉండాలి, 70 శాతమే బాగా పనిచేస్తుంది. నీలంరంగు లైటు వెలిగే యూవీ పెట్టె కడిగినవి దాచుకోవడానికి మాత్రమే. వెలుతురు తగిలిన పైభాగం వరకే దాని పని, కడగకుండా అందులో పెడితే శుభ్రం అయినట్టు కాదు.

హైడ్రా మెషీన్‌కి ప్రతి కస్టమర్ తర్వాత ఒక గ్లాసు శుభ్రమైన నీళ్ళు పీల్పించాలి, రోజు చివర మెషీన్ పుస్తకంలో చెప్పిన క్రిమిసంహారకం పీల్పించి, మళ్ళీ నీళ్ళు, చివర్లో ఉత్త గాలి రెండు నిమిషాలు. పైపు లోపల తడి ఉండకూడదు, మన ఉక్కపోతలో ఒక్క రాత్రికే వాసన పడుతుంది. ప్లాస్టిక్ టిప్ మనిషికొకటి. చేశాక ఆ టిప్‌ని కస్టమర్ ముందే పారేయండి, లేదా ఆమె పేరు రాసిన కవర్లో ఆమెకే ఇచ్చేయండి.

ఏడో అడుగు: డబ్బు లెక్క

హైడ్రా మెషీన్ 26,000 అనుకుందాం. మీరు ఫేషియల్‌కి 1,000 తీసుకుంటారు. ద్రావణాలు, టిప్, కాటన్, సన్‌స్క్రీన్, డిస్టిల్డ్ వాటర్, కరెంటు కలిపి 200. పనిచేసే అమ్మాయికి 150. రిపేర్ల కోసం పక్కన పెట్టాల్సింది 100, దీన్ని అందరూ మర్చిపోతారు. మిగిలేది 550. మెషీన్ డబ్బు రావాలంటే 48 సిట్టింగులు. వారానికి నలుగురు వస్తే 12 వారాలు, ఒక్కరే వస్తే దాదాపు ఏడాది. మీ నోటుపుస్తకం చూసి ఎంతమంది వస్తారో రాసుకోండి. వారంటీ ఏడాదే అయి, డబ్బు రావడానికి కూడా ఏడాది పట్టేట్టుంటే ఆ మెషీన్ మీకు ఇప్పుడు వద్దు.

అదే 2,000 పెట్టి స్కిన్ స్క్రబ్బర్ కొని, 400 తీసుకునే క్లీనప్‌ని స్క్రబ్బర్‌తో 500 చేశారనుకోండి. 20 క్లీనప్‌లకి డబ్బు వచ్చేస్తుంది, మా పార్లర్‌లో అయితే అది మూడు వారాల పని. నేను రెండోసారి మొదలుపెట్టింది ఇలాగే, స్క్రబ్బర్ సంపాదించిన డబ్బుతో డైమండ్ మెషీన్, అది సంపాదించిన డబ్బుతో పోయినేడాది చిన్న హైడ్రా. అప్పు చేయలేదు.

అప్పు తప్పదనుకుంటే బ్యాంకులో ముద్ర లోన్ అడగండి, శిశు కేటగిరీలో 50,000 దాకా ఇస్తారు, తాకట్టు అడగకూడదు. డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడి వడ్డీ కూడా పోల్చి చూసుకోండి. డైలీ ఫైనాన్స్ వాళ్ళ దగ్గర మెషీన్ కోసం డబ్బు తీసుకోవద్దు, దయచేసి.

జీఎస్టీ గురించి ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి పార్లర్ సేవల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, కానీ ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అంటే మెషీన్ మీద కట్టిన జీఎస్టీ తిరిగి రాదు, అది మీ ఖర్చే. ధర అడిగేటప్పుడు పన్నుతో కలిపి ఎంత అని అడగండి.

ఎనిమిదో అడుగు: ఎక్కడ కొనాలి

నెల్లూరు వాళ్ళకి చెన్నై పారిస్ మార్కెట్ అలవాటు, పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఒంగోలు వాళ్ళు విజయవాడ వెళ్తారు, కొందరు హైదరాబాద్ బేగంబజార్ దాకా. ధర తక్కువ ఉంటుంది, పైన చెప్పిన పరీక్షలన్నీ చేసుకోవచ్చు. కానీ పాడైతే మెషీన్ మోసుకుని మళ్ళీ అక్కడికే వెళ్ళాలి, ఆ దారి ఖర్చు, పార్లర్ మూసిన రోజు నష్టం కలుపుకోండి. మన ఊళ్ళోనే బ్యూటీ సామాన్ల షాపులో 2,000 ఎక్కువైనా మెకానిక్‌ని పంపిస్తామని బిల్లు మీద రాసిస్తే నేను అక్కడే కొంటాను.

ఆన్‌లైన్‌లో కొంటే పార్సిల్ విప్పడం మొదటినుంచి వీడియో తీయండి, వాపసు గడువులోపే 20 నిమిషాల పరీక్ష చేసేయండి. ఎక్కడ కొన్నా సీరియల్ నంబరు, వారంటీ గడువు రాసిన జీఎస్టీ బిల్లు ఉండాలి. చిట్టీ మీద రాసిచ్చిన కాగితం రేపు వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాల్సి వస్తే బలంగా నిలబడదు, నాకు ఆ అనుభవం ఉంది. మెషీన్‌తో పాటు అంటగట్టే ద్రావణాల సీసాల మీద తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, లోపల ఏమున్నాయో జాబితా లేకపోతే ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

తొమ్మిదో అడుగు: ఎవరికి పెట్టకూడదు

మెషీన్ పక్కన గోడకి ఇది రాసి అంటించుకోండి. చీముతో ఉన్న మొటిమలు, తామర, పెదవి దగ్గర జ్వరపు పొక్కులు, పుండ్లు, ఎండకి కమిలిన ముఖం, వీటి మీద ఏ మెషీనూ వద్దు. మంగు మచ్చలున్నవాళ్ళకి గీకడం వల్ల మచ్చ ముదరవచ్చు, డాక్టర్ దగ్గరికి పంపండి. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవాళ్ళకి, ఈమధ్యే ఆపినవాళ్ళకి డాక్టర్ సరేననేదాకా వద్దు. బ్లీచ్, వ్యాక్సింగ్ చేసిన రోజే స్క్రబ్బింగ్ వద్దు, కొన్ని రోజులు ఆగమనండి. పెళ్ళి ప్యాకేజీలో అన్నీ ఒకే పూట కుక్కడం మన దగ్గర బాగా అలవాటైపోయింది, అది మానాలి.

అందరికంటే జాగ్రత్తగా కనిపెట్టాల్సింది తెల్లబడతామని మందుల షాపులో ట్యూబు కొని నెలల తరబడి రాసుకుంటున్నవాళ్ళని. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. చర్మం పల్చబడి, సన్నటి ఎర్ర నరాలు కనిపిస్తూ, ఎండలోకి వెళ్తే మండుతుంటుంది. "ఏం క్రీము రాస్తున్నావమ్మా, ట్యూబు ఫోటో చూపించు" అని నేను ప్రతి కొత్త కస్టమర్‌నీ అడుగుతాను. అలాంటి ముఖం మీద స్క్రబ్బర్ కూడా పెట్టను, ఎంత బతిమాలినా సరే. ఆ అమ్మాయి పక్క పార్లర్‌కి వెళ్ళిపోతే పోనివ్వండి.

మెషీన్ ఇంటికి వచ్చాక

ఆషాఢంలోనో మూఢంలోనో కొనండి. పెళ్ళిళ్ళు ఉండవు, పార్లర్ ఖాళీగా ఉంటుంది, బేరం కూడా కుదురుతుంది. ఆ నెలంతా మీ చేతి మీద, తర్వాత మీ ముఖం మీద, ఇంట్లోవాళ్ళ మీద, బాగా తెలిసిన పదిమంది మీద ఉచితంగా చేసి ప్రతిసారీ సక్షన్ ఎంత పెట్టారో, ఎన్ని నిమిషాలు చేశారో, మర్నాడు చర్మం ఎలా ఉందో రాసుకోండి. పని సరిగా నేర్చుకోలేదనిపిస్తే బ్యాంకులు నడిపే ఆర్‌సెటీ కేంద్రాల్లో ఉచితంగా బ్యూటీ పార్లర్ కోర్సు ఉంటుంది, ఆ ఖాళీ నెలలోనే చేరవచ్చు. కొత్త కస్టమర్ ఎవరికైనా ముందు చెవి కింద దవడ దగ్గర చిన్న చోట పెట్టి చూసి, రెండు రోజులాగి రమ్మనండి. పెళ్ళికూతురైతే పెళ్ళికి కనీసం మూడు వారాల ముందే మొదటి సిట్టింగ్ చేయండి, చివరి వారంలో మెషీన్ ముట్టుకోవద్దు. శ్రావణం వచ్చేసరికి మీ నోటుపుస్తకంలో ఏ చర్మానికి నాబ్ ఎక్కడ పెట్టాలో మీరు రాసుకున్న అంకెలే ఉంటాయి, వాటినే చూసుకుని చేయండి.